ఎవరూ పడుకోని కళాసీ గది

వీబె పిరికివాడని చెబితే రైన్ నది మీద ఎవరూ నమ్మరు. వరదల్లోనూ, మంచుగడ్డలు కొట్టుకొచ్చే రోజుల్లోనూ, తన పడవ ముక్కు తనకే కనపడనంత పొగమంచులోనూ వెయ్యి టన్నుల కంకర వేసుకుని బాసెల్ నుంచి రోటర్‌డామ్ దాకా దిగినవాడు. వంతెన కింద నుంచి దూరేటప్పుడు నెత్తిమీద జానెడు ఖాళీ ఉంటే చాలు, చేతిలో కాఫీ కప్పు కింద పెట్టేవాడు కాదు. అలాంటి మనిషికి ఒక్క మాట నోట్లోంచి ఊడిపడడానికి ఇరవై నాలుగేళ్ళు పట్టింది. అదేమన్నా బ్రహ్మరహస్యమా అంటే కాదు. ఆ నది మీద అందరికీ తెలిసిందే.

ఆయనకి ముప్పై తొమ్మిదేళ్ళప్పుడు లౌరెన్స్ పడవెక్కాడు. లౌరెన్స్‌ది అప్పుడు ధాన్యం గిడ్డంగిలో ఉద్యోగం. పడవ రేవుకి రాగానే పొడుగాటి ఇత్తడి గొట్టం పట్టుకుని దిగేవాడు. గోధుమల్లో గుచ్చి గుప్పెడు పైకి తీసి, తేమ ఎంతుందో చూసి చీటీ రాసేవాడు. ఆ రోజు వీబె తెచ్చిన గోధుమల్లో తేమ ఎక్కువని తేలింది.

"సరిగ్గా చూశావా?" అన్నాడు వీబె.

"మళ్ళీ తీస్తాను."

"ఎన్నిసార్లు తీస్తావేం?"

"కాఫీ పోస్తే ఇంకో నాలుగుసార్లు తీస్తా," అన్నాడు లౌరెన్స్.

కాఫీ పోశాడు. నాలుగుసార్లు తీసినా తేమ తగ్గలేదు గానీ లౌరెన్స్ మాత్రం ఆ ఎండాకాలం వారం రోజులు సెలవు పెట్టి, సంచీ భుజాన వేసుకుని వచ్చాడు. ఆ వారం ఇరవై రెండేళ్ళు సాగింది.

ఎనభై మీటర్ల పడవ అది. వెనక కొసన చుక్కాని గది, దాని కింద సంసారం: వంటగది, కూర్చునే గది, పడకగది, కిటికీలకి లేసు తెరలు. ముందు కొసన, లంగరు గొలుసుల పక్కన, కళాసీకి ఒక ఇరుకు గది. జీతానికొచ్చిన మనిషి ముందు పడుకుంటాడు, సరంగూ భార్యా వెనక ఉంటారు. మా పడవల్లో తాతల నాటి నుంచీ ఇదే పద్ధతి. అంత పడవకి ఒక కళాసీ ఉండాలని చట్టం కాబట్టి మా ఆడవాళ్ళు కూడా కళాసీ పుస్తకం తీసుకుంటారు. రేవు కాగితాల్లో పెళ్ళాన్ని కళాసీ అని రాయడం ఇక్కడ మామూలే. అందుకని వీబె కాగితాల్లో లౌరెన్స్‌ని కళాసీ అని రాయడం అబద్ధం కాదు. అబద్ధమల్లా ఆ ముందు గదిలోనే ఉంది.

ఆ గదిలో వీబె ఒక పరుపు వేయించాడు. దుప్పటి, దిండు, గోడకి క్యాలెండరు, కప్పులో ఒక గడ్డం గీసుకునే బ్లేడు. తలుపు పక్కన లౌరెన్స్ పాత బూట్లు. వేరే పడవల వాళ్ళు సాయంకాలం కాఫీకి వస్తే, ఒక గంట గడిచాక లౌరెన్స్ లేచి ఒళ్ళు విరుచుకునేవాడు. "సరే, నేను పోయి నా గదిలో పడతాను," అని ఎనభై మీటర్లూ నడిచి ముందుకి పోయేవాడు. వానైనా, మంచైనా అంతే. వచ్చినవాళ్ళు దిగి వెళ్ళారని తెలిశాక మళ్ళీ ఎనభై మీటర్లు వెనక్కి. మొదట్లో ఇద్దరికీ అదో నవ్వులాటగా ఉండేది. తడిసి వచ్చిన లౌరెన్స్ తల తుడుస్తూ వీబె కూడా నవ్వేవాడు. కొన్నేళ్ళు పోయాక తల తుడవడం మిగిలింది, నవ్వు పోయింది.

ఒకసారి జర్మన్ నది పోలీసు తనిఖీకొచ్చి ఆ గది తలుపు తీశాడు. పరుపు పక్క చెక్క మీద వేలితో గీసి, వేలికంటిన దుమ్ము చూసి, "మీ కళాసీ నిలబడి నిద్రపోతాడా సరంగు గారూ?" అన్నాడు. అని, కాగితాల మీద సంతకం పెట్టి నవ్వుకుంటూ పోయాడు. లౌరెన్స్ కళ్ళలో నీళ్ళు తిరిగేలా నవ్వాడు. వీబె నవ్వలేదు. మర్నాడు తనే వెళ్ళి ఆ పరుపు నలిపి, దిండు గుంట పడేలా గుద్ది వచ్చాడు. ఆ తర్వాత శనివారం శనివారం ఆ పని చేసేవాడు. ఎవరూ పడుకోని పరుపుని వారం వారం నలపడం! చెబుతుంటే ఒళ్ళు మండుతుంది.

ఎవరికి భయపడ్డాడని అడిగితే ఆయన ఒక పాత సంగతి చెబుతాడు. పదకొండేళ్ళ వయసులో తండ్రి పక్కన నిలబడి చుక్కాని పట్టుకున్న రోజు ఒకటుంది. కొలోన్ రేవులో ఇద్దరు మగవాళ్ళు చేతులు పట్టుకుని నడుస్తుంటే తండ్రి పడవ అంచు మీదుగా నీళ్ళలోకి ఉమ్మేశాడు. అంతే. ఆ తండ్రి పోయి చాలా ఏళ్ళయింది. దేశం ఆయన్ని దాటి ఎక్కడికో వెళ్ళిపోయింది. వీబె మాత్రం ఆ ఉమ్ము తనమీదే పడిందన్నట్టు బతికాడు.

కలిసి, పాతదాని అంతే ఉన్న కొత్త పడవ కొన్నప్పుడు లౌరెన్స్ తన ఫ్లాటు అమ్మి ఆ డబ్బూ పెట్టాడు. మా వాళ్ళు పడవకి పెళ్ళాం పేరు పెట్టుకుంటారు, లేదంటే ఇద్దరి పేర్లూ కలిపి ఒకటి వండుతారు.

"లౌరెన్స్ అని పెడితే మునిగిపోతుందా?" అన్నాడు లౌరెన్స్ నవ్వుతూనే.

"ప్రతి లాకు దగ్గరా చదువుతారు."

"చదవడానికేగా రాసేది!"

వీబె చచ్చిపోయిన తన తల్లి పేరు పెట్టాడు, గెజీనా అని. లౌరెన్స్‌ది చెయ్యి తిరిగిన రాత. తాడు కట్టుకుని వేలాడుతూ తెల్ల రంగుతో ఆ అక్షరాలు రాసింది కూడా తనే.

లాకులంటే గుర్తొచ్చింది. కలిసి ఆరేళ్ళయ్యాక దేశంలో చట్టం వచ్చింది, మగవాళ్ళిద్దరైనా ఆడవాళ్ళిద్దరైనా దర్జాగా పెళ్ళి చేసుకోవచ్చని. ఆ పొద్దున గెజీనా నైమేగన్ దగ్గర లాకులో ఉంది. నీళ్ళు దిగుతున్నాయి. లాకు మనిషి పైన గదిలోంచి మైకులో, నలుగురు వినేలా, "ఏమయ్యా వీబె, ఇంక సాకులేం లేవుగా!" అన్నాడు. పక్క పడవలో ఎవరో ఈల వేశారు. అది ఎగతాళి కాదు, ముమ్మాటికీ సంతోషమే. ముందు కొసన మోకు పట్టుకుని నిలబడ్డ లౌరెన్స్ వెనక్కి తిరిగి, ఎనభై మీటర్ల అవతల నుంచి చుక్కాని గది వైపు చూశాడు. చూస్తూ నిలబడ్డాడు. వీబె చెయ్యెత్తాడు. మోకు వదులు చెయ్యమని సైగ చేశాడు.

నీళ్ళ మీద కాదు, నేల మీద ఎక్కడికైనా పోదామని లౌరెన్స్ పోరగా పోరగా ఒక్కసారి స్పెయిన్ వెళ్ళారు. సముద్రపొడ్డున చిన్న ఊరు. అక్కడ ఎటు చూసినా వీళ్ళలాంటి జంటలే, పొద్దున టిఫిను దగ్గర ఒకరి బ్రెడ్డుకి ఒకరు వెన్న రాసుకుంటూ. హోటలమ్మాయి ఒక పెద్ద మంచం ఉన్న గది తాళం ఇస్తే వీబె, "రెండు విడి మంచాలు కావాలి," అన్నాడు. ఆ అమ్మాయి లౌరెన్స్ మొహంలోకి చూసి తాళం మార్చింది. గదిలోకి వెళ్ళగానే లౌరెన్స్ రెండు మంచాలూ ఒకదానికొకటి జరిపాడు. మధ్యలో సందు ఉండిపోయింది. వారం రోజులూ వాళ్ళలో ఎవరో ఒకరు ఆ సందులోకి జారుతూనే ఉన్నారు. "సెలవంటే ఇదేనేమో," అన్నాడు లౌరెన్స్ తిరిగొచ్చేటప్పుడు. మళ్ళీ ఎక్కడికీ పోదామని అడగలేదు.

ఇరవై రెండో ఏడు, మార్చి నెల. జర్మనీలో ఒక చిన్న రేవు. మోకు విసిరి గుంజకి తగిలించిన లౌరెన్స్ ఆ గుంజనే కావలించుకుని కూర్చుండిపోయాడు.

"ఏమిటా కూర్చోడం? పడవ జారిపోతోంది!" అని అరిచాడు వీబె.

ఆ అరుపు విని లౌరెన్స్ మోకు రెండు చుట్లు బిగించి, ముడి సరిచూసి, అప్పుడు పడిపోయాడు.

గుండెపోటు అన్నారు ఆస్పత్రిలో. కౌంటరు దగ్గర యాభై ఏళ్ళ నర్సు, కళ్ళద్దాలు ముక్కు కొసకి జారి ఉన్నాయి. పేరు రాసుకుంది, పుట్టిన తేదీ రాసుకుంది. "మీరు ఆయనకేమవుతారు? భర్తేనా?" అంది తలెత్తకుండానే. అడుగుతూనే రాసేస్తోంది కూడా.

"కాదు కాదు," అన్నాడు వీబె. "పడవ నాది. ఆయన కళాసీ."

"ఓహో," అని నర్సు రాసిన మాట మీద గీత కొట్టింది. "అయితే ఇంటివాళ్ళ నంబరివ్వండి. లోపలికి ఇంటివాళ్ళనే పంపుతాం."

ఆ గీత కొట్టడం వీబె కళ్ళారా చూశాడు. అప్పటికైనా "అమ్మా, తప్పు చెప్పాను," అంటే ఆవిడ ఇంకో కాగితం తీసేది, అంతే. ఆ మాట ఆయన తర్వాత ఎన్ని వందల సార్లు అన్నాడో లెక్క లేదు. ఒంటరిగా, చుక్కాని చక్రంతో.

లౌరెన్స్ అక్క హిల్లీకి ఫోను చేశాడు. ఆవిడ డెవెంటర్ నుంచి కారేసుకుని వచ్చేదాకా వీబె నడవాలో కుర్చీ మీద కూర్చున్నాడు. లోపల లౌరెన్స్ ఉన్న గది తలుపు పన్నెండు అడుగుల దూరంలో ఉంది. హిల్లీ వచ్చి, లోపలికి పోయి, అరగంట తర్వాత బయటికొచ్చింది.

"ఇక్కడ కూర్చున్నావేం వీబె? రా లోపలికి."

"నన్ను పంపరు."

"ఎందుకు పంపరూ?"

"నేను... వాళ్ళకి వేరేలా చెప్పాను."

హిల్లీ మిషను దగ్గరికి పోయి కాఫీ పట్టుకొచ్చుకుంది. తాగింది. అప్పుడు నోరు విప్పింది. "లౌరెన్స్‌కి తెలిసిపోయిందిలే. నర్సు చెప్పిందట, మీ యజమాని బయటే కూర్చున్నాడు, పనివాళ్ళని ఇంత బాగా చూసుకునే వాళ్ళు ఈ రోజుల్లో అరుదు అని."

వీబె మొహం చేతుల్లో దాచుకున్నాడు. మర్నాడు రేవు వాళ్ళు పడవ తియ్యమన్నారు. ఏజన్సీ నుంచి ఒక మనిషిని పిలిపించుకుని ఆయన బయల్దేరాడు. బయల్దేరకూడదు. వెళ్ళి తలుపు బాదాల్సింది. ఇది ఇప్పుడు ఆయనే చెబుతాడు.

మే నెలలో డెవెంటర్ వెళ్ళాడు, హిల్లీ ఇంటికి. లౌరెన్స్ సన్నబడ్డాడు గానీ రంగు తిరిగింది. వీధి మెట్ల మీద కూర్చుని బూట్ల తాళ్ళు కట్టుకుంటున్నాడు.

"డాక్టరు పని చేసుకోవచ్చన్నాడు," అన్నాడు లౌరెన్స్. "పడవెక్కమంటే ఎక్కుతా. ఏ గదికి రమ్మంటావో చెప్పు."

వెనక గదికి అంటే సరిపోయేది. వెనక గదికి, అందరికీ తెలిసేలా, అంటే ఇంకా బాగుండేది. వీబె ఏమన్నాడంటే, "గదులదేముంది, ముందు ఒళ్ళు బాగుచేసుకో," అన్నాడు.

"సరే," అన్నాడు లౌరెన్స్. రెండో బూటు తాడు కూడా కట్టుకుని లోపలికి వెళ్ళాడు. గొడవ లేదు, కన్నీళ్ళు లేవు. ఇరవై రెండేళ్ళ కాపురం అలా మెట్ల మీద అయిపోయింది. అయిపోయిందని వీబెకి అప్పుడు తెలియనే లేదు.

తర్వాత రెండేళ్ళు ముందు గదిలో వాత్స్లావ్ అని చెక్ దేశం ఆయన ఒకడు ఉన్నాడు. నలభై దాటిన మనిషి, పని తెలిసినవాడు, మాట తక్కువ. ఆ పరుపు మీద ఎట్టకేలకి ఒకడు పడుకుంటున్నాడు. వెనక ఇంట్లో వీబె ఒక్కడే బఠాణీల సూపు నాలుగు రోజులకి సరిపడా కాచుకుని నాలుగు రోజులూ తాగేవాడు. ఆదివారాలు లౌరెన్స్‌కి ఫోను చేసేవాడు. నదిలో నీళ్ళెంత ఉన్నాయో చెప్పేవాడు. అక్కడ లౌరెన్స్ సంతలో ఏ జున్ను బాగుందో చెప్పేవాడు. ఇద్దరూ అసలు సంగతి చుట్టూ తిరిగి తిరిగి ఫోను పెట్టేసేవాళ్ళు.

ఒక జనవరిలో నది పొంగి లాకులు మూసేస్తే పడవలన్నీ ఒకదాని పక్కన ఒకటి కట్టేసి ఉన్నాయి. పక్క పడవ యాకొమీన్ ఆపిల్ కేకు పట్టుకుని వచ్చింది. మొగుడితో కలిసి ముప్పై ఏళ్ళుగా నది మీదున్న మనిషి, నోరు పెద్దది, మనసు ఇంకా పెద్దది. వీబె వంటగదిలో ఒక్క పళ్ళెం చూసి చప్పున కూర్చుంది.

"వెళ్ళి లౌరెన్స్‌ని తీసుకురారాదూ? నీ మొహం చూడలేక చస్తున్నాం."

"అతను... పని మానేశాడు."

"ఒరేయ్, నా దగ్గరా?" అంది యాకొమీన్. "మేం కాఫీకొచ్చినప్పుడల్లా ఆ మనిషిని వానలో ముందు గదికి తోలేవాడివే, గుర్తుందా? పాపం, మా ఆయన గడియారం చూసి, 'లే లే, మనం పోతేగానీ లౌరెన్స్ పొడి బట్టలు కట్టుకోడు,' అని నా జబ్బ పట్టుకు లాగేవాడు. కేకు ముక్క సగంలో వదిలేసి వెళ్ళిపోయేవాళ్ళం. మా ఒక్కళ్ళే అనుకుంటున్నావా? అందరూ అంతే."

"అందరూ?"

"మరి? నీ ఇంట్లో ఎవరైనా గంటన్నర కూర్చున్నారా ఎప్పుడైనా?"

లేదు. ఎవరూ కూర్చోలేదు. తన ఇంట్లో ఎవరూ ఎక్కువసేపు ఉండరని, తనకి కబుర్లు చేతకావని వీబె ఇన్నేళ్ళూ అనుకున్నాడు. యాకొమీన్ వెళ్ళాక ఆ కేకు ముందు కూర్చుని ఏడ్చాడు. చిన్నపిల్లాడిలా, ముక్కు కారేలా ఏడ్చాడు.

ఏప్రిల్లో కార్డు వచ్చింది. లౌరెన్స్‌కి అరవై నిండుతున్నాయి, ఆదివారం మధ్యాహ్నం హిల్లీ ఇంట్లో, అందరూ రావాలి. వీబె ఆ కార్డుని చుక్కాని ఎదురుగా అద్దానికి తగిలించాడు. మూడు వారాలు పడవ నడుపుతూ ఒకే వాక్యం వల్లె వేశాడు. వాత్స్లావ్ రెండుసార్లు పైకొచ్చి, "నన్నేమన్నా పిలిచారా?" అనడిగాడు.

మా దేశంలో పుట్టినరోజు ఎలా ఉంటుందో ఇక్కడ చెప్పాలి, ఎందుకంటే వీబె ఇరవై రెండేళ్ళూ లౌరెన్స్ పుట్టినరోజుకి సరుకుందనీ, నీళ్ళు తక్కువున్నాయనీ వంక పెట్టి వెళ్ళకపోవడానికి కారణం అదే. గదిలో కుర్చీలు గుండ్రంగా వేస్తారు. వచ్చినవాడు ఒక్కొక్కరి ముందుకీ పోయి చెయ్యి కలిపి అభినందనలు చెప్పాలి. పుట్టినరోజు మనిషికే కాదు, తల్లికి "మీ అబ్బాయికి అరవై, అభినందనలు," అక్కకి "మీ తమ్ముడికి, అభినందనలు," చివరికి పక్కింటివాళ్ళకి కూడా "మీ పక్కింటాయనకి," అని. అంటే ఆ వలయంలో కూర్చున్న ప్రతివాడూ పుట్టినరోజు మనిషికి తను ఏమవుతాడో తెలిసి కూర్చోవాలి. తెలియకపోతే అడుగుతారు.

మూడు గంటలకి వీబె ఇస్త్రీ చొక్కా వేసుకుని, పూలగుత్తి పట్టుకుని హిల్లీ ఇంట్లో అడుగుపెట్టాడు. పద్నాలుగు కుర్చీలు. కిటికీ దగ్గర లౌరెన్స్, జుట్టు పూర్తిగా తెల్లబడింది, అది బాగానే ఉంది ఆయనకి. వీబెని చూసి లేచి, చెయ్యి ఇచ్చి, రెండో చేత్తో భుజం తట్టాడు. ఆ చెయ్యి తగిలేసరికి వీబెకి మూడు వారాల పాఠం మర్చిపోయినంత పనైంది. వరసగా అందరికీ చేతులు కలుపుకుంటూ వెళ్ళాడు. అయిదో కుర్చీలో ఎరుపు స్కార్ఫు కట్టుకున్న ఒకావిడ ఉంది, హిల్లీకి పక్కింటావిడ.

"మిమ్మల్ని ఎప్పుడూ చూడలేదే. మీరు లౌరెన్స్‌కి ఏమవుతారు?"

గదిలో మాటలు ఆగాయని వీబెకి అనిపించింది. ఆగలేదు. అటు జున్ను ముక్కల పళ్ళెం తిరుగుతోంది, ఇటు ఎవరో కాలవ రోడ్డు మరమ్మతు గురించి తిడుతున్నారు.

"నేను వీబెని," అన్నాడు, అవసరానికంటే గట్టిగా. "లౌరెన్సూ నేనూ ఇరవై రెండేళ్ళు కాపురం చేశాం. నేను ఆయన మనిషిని."

"అలాగా! అయితే మీక్కూడా అభినందనలు," అంది ఆవిడ. చెయ్యి కలిపింది. "కేకు తీసుకోండి, ఎడమ పక్కది బాగుంది, కుడి పక్కది కొన్నది." అని కాలవ రోడ్డు మాటల్లో పడిపోయింది.

అంతే. వీబె అక్కడ నిలబడే ఉన్నాడు. పిడుగు పడలేదు, ఎవరూ కుర్చీ వెనక్కి జరుపుకోలేదు, చేతిలో కేకు పళ్ళెం ఉంది. ఇంతేనా? ఇరవై నాలుగేళ్ళు దాచింది ఇంతసేపటి పనా?

లౌరెన్స్ తల్లి పక్కన ఒక కుర్చీ ఖాళీగా ఉంది. ఎనభై ఆరేళ్ళ మనిషి, చెవులు తప్ప అన్నీ బాగా పనిచేస్తాయి. రమ్మని చెయ్యి ఊపింది.

"కూర్చో నాయనా. ఈ కుర్చీ నీదే."

"మీ అబ్బాయికి అరవై ఏళ్ళు, అభినందనలమ్మా," అన్నాడు వీబె వంగి, చెవి దగ్గర.

"నీక్కూడా," అంది ముసలావిడ. "ఏటా వేస్తాం ఈ కుర్చీ. వచ్చినవాళ్ళు 'లౌరెన్స్ వాళ్ళాయనేడీ?' అంటే, నీళ్ళ మీదున్నాడు, అతని అభినందనలు నాకిచ్చెయ్యండి అనేదాన్ని. ఇన్నేళ్ళూ నీ వంతు కూడా నేనే అందుకున్నా. చేతులు నొప్పెట్టేవనుకో."

అని నవ్వింది. ఆవిడకి అది నిష్ఠూరం కాదు, ముచ్చట. వీబె కేకు పళ్ళెం కింద పెట్టేశాడు.

లౌరెన్స్ కాఫీ కెటిల్ పట్టుకుని వంటింట్లోకి వెళ్ళడం చూసి వీబె వెనకే వెళ్ళి తలుపు చేరవేశాడు.

"విన్నావా, నేను చెప్పింది?"

"విన్నాను. వీధి చివరిదాకా వినపడుంటుంది," అన్నాడు లౌరెన్స్, కాఫీ పొడి కొలుస్తూ.

"వచ్చెయ్ లౌరెన్స్. వెనక గదికి. వాత్స్లావ్ ముందుంటాడు, మనం వెనకుంటాం. ఎవరొచ్చినా నువ్వు లేవక్కర్లేదు. పెళ్ళి చేసుకుందామంటే రేపే చేసుకుందాం. ఆ నర్సుకి చెప్పమంటే వెళ్ళి ఆ నర్సుకి కూడా చెబుతాను."

లౌరెన్స్ చెంచా పక్కన పెట్టాడు. "మంచి మాటే చెప్పావు ఇందాక. చెప్పేటప్పుడు నీ చెవులు ఎర్రగా కందిపోయాయి కూడా. కానీ వీబె, అది ఆ గదిలో వాళ్ళకి కొత్త కాదు. మా అమ్మకి కొత్త కాదు, నాకూ కొత్త కాదు. నీకొక్కడికే కొత్త."

"తప్పు చేశాను."

"చేశావు."

"మరి?"

"మరేం లేదు. నేను చూశాను, చాలా ఏళ్ళు చూశాను. ఆస్పత్రిలో కూడా, ఇప్పుడు తలుపు తోసుకుని వస్తాడు, అరుస్తూ వస్తాడు అని రెండు రోజులు ఆ తలుపునే చూస్తూ పడుకున్నా. మెట్ల మీద అడిగిన రోజున, అదే ఆఖరుసారి అడగడం అనుకుని అడిగాను. ఆ తర్వాత ఒక పొద్దున లేచేసరికి, ఎదురుచూడ్డం నాలోంచి పోయింది. నేను పంపలేదు, అదే పోయింది. కోపమన్నా ఉంటే నీకు పని ఉండేది, తీర్చేవాడివి. అది కూడా లేదు."

"ఇంకెవరైనా ఉన్నారా?"

"లేరు. గురువారాలు సంతకెళతాను. పాటల బృందంలో పాడతాను, వాళ్ళు నన్ను భరిస్తున్నారు. నా గది కదలదు. అది బాగుంది నాకు." కెటిల్ మూత పెట్టి, వీబె చొక్కా కాలరు ఒక పక్క లోపలికి మడతపడి ఉంటే సరిచేశాడు. "నువ్వు ఆదివారాలు ఫోను చెయ్యి. నీళ్ళెంతున్నాయో చెప్పు. నాకది ఇష్టం."

వీబె తలూపాడు. ఇంకో మాటకి నోరు తెరిచాడు గానీ అవతల హిల్లీ కాఫీ ఏదని కేకేసింది. లౌరెన్స్ కెటిల్ తీసుకుని వెళ్ళిపోయాడు. వీబె పంపు తిప్పి మొహం కడుక్కున్నాడు, పక్కనున్న గిన్నెల గుడ్డతోనే తుడుచుకున్నాడు.

వెళ్ళిపోదామని వసారాలో కోటు తీసుకుని ఒక చెయ్యి తొడిగేసరికి వీధి తలుపు తీసుకుని ముసలి దంపతులిద్దరు వచ్చారు. లౌరెన్స్ పాటల బృందం వాళ్ళు. చెప్పులు తుడుచుకుంటూనే ఆ పెద్దమనిషి వీబెని చూసి, "ఈయనేనా ఆ పడవాయన?" అని ఎదురొచ్చిన హిల్లీని అడిగాడు. హిల్లీ అవునంది. ఆయన మొహం వెలిగిపోయింది. రెండు చేతులూ చాచి వీబె ఖాళీ చెయ్యి పట్టుకుని ఊపాడు.

"మీ లౌరెన్స్‌కి అరవై నిండాయండీ! అభినందనలు, అభినందనలు!"

గదిలోంచి లౌరెన్స్ చూస్తున్నాడు, చేతిలో కెటిల్. కాదనలేదు. ఆ కొంచెం మర్యాద మిగిల్చాడు. కాదనాల్సింది ఇప్పుడు వీబె, నిజం చెప్పాల్సింది ఆయన. ఇన్నేళ్ళూ ఉన్నదాన్ని లేదని చెప్పిన మనిషి, లేనిదాన్ని ఉందని ఒప్పుకుంటూ ఆ చెయ్యి వదల్లేకపోయాడు.

"థాంక్సండీ," అన్నాడు. "అరవై. అప్పుడే అరవై."